రిలీజ్ బేరింగ్ రాకపోతే ముందు సుత్తె కింద పెట్టండి
(నల్గొండలో పని నేర్చుకుంటున్న కుర్ర మెకానిక్‌లతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు కాస్త ముందుకు జరగండి, బెంచీ మీద పెట్టిన ఈ గేర్‌బాక్స్ మీకు కనపడకపోతే నేను ఇవ్వాళ ఎంత మాట్లాడినా లాభం లేదు. చెల్లెళ్లు ఇటు కుడివైపు రండమ్మా, ఇక్కణ్ణుంచి బెల్ హౌసింగ్, అంటే క్లచ్‌ను కప్పే ఈ గంట ఆకారం డొప్ప, లోపలిదాకా కనిపిస్తుంది.

నాది దేవరకొండ రోడ్డులో షెడ్డు. పని నేర్చుకోవడం మొదలుపెట్టి 26 ఏళ్లయింది. క్లచ్ గురించి మొత్తం చెప్పమని అడిగారు నన్ను. మొత్తం మీ పుస్తకాల్లో ఉంది, మీ సార్లు నాకంటే బాగా చెప్తారు. నేను పుస్తకంలో ఒక్క లైనులో అయిపోయే పని గురించి చెప్తాను. గేర్‌బాక్స్ దించాక "రిలీజ్ బేరింగ్‌ను తీయాలి" అని ఉంటుంది, అంతే, దాని కింద ఇంకో మాట ఉండదు. మంచి బండిలో నిజంగానే అది ఒక్క లైను పనే, రెండు వేళ్లతో పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. రాని బండిలో ఆ ఒక్క లైను మీద నేను రెండు రోజులు కూర్చున్నాను. ఆ రెండు రోజుల్లో నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటే చాలు, అందుకే వచ్చాను.

ముందు ఇది ఏం పని చేస్తుందో చేత్తో చూపిస్తా. మీరు పెడల్ తొక్కుతారు. కేబుల్ ఉన్న బండి అయితే కేబుల్ లాగుతుంది, ఆయిల్‌తో నడిచేదైతే మాస్టర్ సిలిండర్ నుంచి ఆయిల్ వచ్చి తోస్తుంది, ఎట్లయినా ఈ రెండు కొనల లీవర్, అంటే ఫోర్క్, కదులుతుంది. ఫోర్క్ కొనలు రెండూ ఈ బేరింగ్‌ను పట్టుకుని ముందుకు నెడతాయి. బేరింగ్ ఇదిగో, దాని లోపలి గొట్టం, అంటే స్లీవ్, ఈ ట్యూబ్ మీద జారుతుంది, దీన్ని గైడ్ ట్యూబ్ అంటాం. ట్యూబ్ లోపల్నుంచి గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బయటికి వస్తుంది చూడండి, షాఫ్ట్ తిరుగుతుంది, ట్యూబ్ తిరగదు. బేరింగ్ ముఖం వెళ్లి, క్లచ్ ప్లేట్‌ను ఇంజన్ వైపు అదిమిపట్టే ప్రెషర్ ప్లేట్ మీదున్న డయాఫ్రమ్ స్ప్రింగ్ ఫింగర్లను, అంటే ఈ స్ప్రింగు నాలుకలను, ఒత్తుతుంది, క్లచ్ ప్లేట్ వదులవుతుంది, ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ సంబంధం తెగుతుంది. బేరింగ్ జరిగేది ఒక సెంటీమీటరు అటూ ఇటూ, అంతకంటే ఎక్కువ కాదు. కానీ ఆ సెంటీమీటరు జరిగేటప్పుడు ఒక పక్క ఇంజన్ స్పీడుతో తిరుగుతుంది, ఇంకో పక్క ఫోర్క్ దగ్గర కదలకుండా ఉంటుంది, మధ్యలో చిన్న కారులో కూడా వంద కిలోల చుట్టుపక్కల బరువు పడుతుంది. చేతిలో పట్టుకుంటే ఇంత చిన్న సామాను, మోసే బరువు అది.

దీని ఆయుష్షు తగ్గించేది బండి కంటే ఎక్కువగా మనమే. క్లచ్ మీద కాలు పెట్టుకుని నడిపే అలవాటు చాలామందికి ఉంది, కాలు ఊరికే ఆనించినా బేరింగ్ ఫింగర్లకు తగిలి తిరుగుతూనే ఉంటుంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బండ్లు మన చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు ముందు ఎట్లా నిలబడతాయో మీకు తెలుసు కదా, ఆ లైన్‌లో ఫస్ట్ గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టి, ముందు బండి కదులుతుందా అని చూస్తూ కూర్చుంటారు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక రోజువారీ ఇబ్బంది తగ్గింది గానీ పండగ రోజుల్లో ఇంకా అదే కథ. న్యూట్రల్ చేసి కాలు తీసేస్తే బేరింగ్‌కు పని ఉండదు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు కూడా అంతే, ఎత్తు మీద బ్రేకు వేయకుండా సగం క్లచ్‌తో బండిని నిలబెట్టేవాళ్లు బేరింగ్‌తో పాటు క్లచ్ ప్లేటును కూడా కాలుస్తారు. కస్టమర్‌కు ఇది చెప్పండి, మన పని పోతుందని భయపడకండి. చెప్పిన మెకానిక్ దగ్గరికే మళ్లీ వస్తారు.

ఇంకొకటి, దించకముందే చప్పుడు పట్టుకోవాలి. ఇంజన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, బానెట్ దగ్గర చెవి పెట్టండి. పెడల్ తొక్కగానే గీ మని మొదలై, వదలగానే ఆగిపోతే అది రిలీజ్ బేరింగ్. అలా కాకుండా పెడల్ వదిలి ఉన్నప్పుడు గరగర వచ్చి, తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, మీరు క్లచ్ సెట్ మొత్తం మార్చినా ఆ చప్పుడు పోదు. ఈ తేడా తెలియక డబ్బులు పెట్టించి తిట్లు తిన్నవాళ్లు చాలామంది. ఇక తొక్కిన పెడల్ బరువుగా దిగి, వదిలితే మెల్లగా పైకి వస్తోందంటే, లేదా మధ్యలో పట్టుకుని టక్కున వదులుతోందంటే, కేబుల్ చూడండి, కేబుల్ బాగుంటే బేరింగ్ ట్యూబ్ మీద పట్టేస్తోందని అనుకోండి. అటువంటి బండి గేర్‌బాక్స్ దించుతున్నప్పుడే మీ మనసులో ఉండాలి, ఇది తేలిగ్గా రాదు అని.

ఇప్పుడు ఆ రెండు రోజుల సంగతి చెప్తాను. అప్పటికి నేను పనిలో చేరి మూడేళ్లు. దేవరకొండ అవతల ఒక తండా నుంచి చిన్న కారును ట్రాక్టర్‌కు కట్టి తీసుకొచ్చారు. అబ్బాయి గల్ఫ్ పోయాడు, బండిని రేకుల కింద పెట్టి పోయాడు, పైన రేకులే గానీ పక్కలకు ఏమీ లేదు, రెండు వానాకాలాలు జల్లు కొట్టింది. తిరిగొచ్చి స్టార్ట్ చేస్తే గేరు పడట్లేదు. ఉస్తాద్ మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు లారీ దగ్గరికి పోతూ, గేర్‌బాక్స్ దించి పెట్టు, సాయంత్రం వస్తా అన్నాడు. దించాను. క్లచ్ ప్లేట్ ఫ్లైవీల్‌కు, అంటే ఇంజన్ కొనకున్న బరువు చక్రానికి, అతుక్కుపోయి ఉంది, దాన్ని విడగొట్టాను. బేరింగ్ దగ్గరికి వచ్చేసరికి అది కదల్లేదు. నాకు ఉస్తాద్ వచ్చేలోపు పని పూర్తి చేసి చూపించాలని ఉంది. రాడ్డు పెట్టి కొట్టాను. టైర్ లీవర్ పెట్టి బెల్ హౌసింగ్ అంచుకు ఆనించి ఎత్తాను. ఇంకా గట్టిగా కొడితే బేరింగ్ బయటి రింగు ఊడి గోలీలు షెడ్డంతా పడ్డాయి, లోపలి స్లీవ్ మాత్రం ట్యూబ్‌ను పట్టుకుని అట్లనే ఉంది. లీవర్ ఆనించిన చోట హౌసింగ్ అల్యూమినియం అంచు చిన్న ముక్క విరిగింది.

ఉస్తాద్ వచ్చాడు. ఒక్క మాట కూడా తిట్టలేదు. బ్యాటరీ లైటు తీసుకుని, తల కిందికి వంచి ఫోర్క్ వెనక చూసి, ఇటు రా అన్నాడు. ఫోర్క్ ఒక పక్క క్లిప్పు నేను తీశాను, రెండో పక్క క్లిప్పు బురద, గ్రీజు ముద్ద కింద అట్లనే పట్టుకుని ఉంది. నేను అంతసేపు కొట్టింది తుప్పు మీద కాదు, క్లిప్పు మీద. తుప్పు కూడా ఉంది, కాదనను, కానీ క్లిప్పు తీయకుండా ఎంత కొట్టినా అది రాదు, పగలడమే. మరుసటి రోజు ఆయన ఏం చేశాడో తర్వాత చెప్తాను. విరిగిన హౌసింగ్‌కు పాత సామాన్ల దుకాణంలో ఇంకోటి తెచ్చి, డబ్బులు ఆయన జేబులోంచి కట్టాడు, ఆ తండావాళ్ల దగ్గర ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. నాకు ఇప్పటికీ ఆ అంచు విరిగిన శబ్దం గుర్తుంది.

అందుకని మీ చేతులు ఆగాల్సిన మొదటి చోటు అది. రాలేదు అనుకున్న వెంటనే సుత్తె కింద పెట్టి, దీన్ని ఏది పట్టుకుంది అని అడగండి. పట్టుకునేవి నాలుగే నాలుగు. క్లిప్పు, గట్టిపడిన గ్రీజు, తుప్పు, లేకపోతే ట్యూబ్ మీద పడిన గాడి. ఒక్కోదానికి మందు వేరు. క్లిప్పుకు వేడి పనికిరాదు, గాడికి ఆయిల్ పనికిరాదు.

చూడాలంటే ముందు తుడవాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. బెల్ హౌసింగ్ లోపల నల్లటి పొడి ఉంటుంది కదా, కంప్రెసర్ గాలి కొట్టి ఎగరగొడతారు చాలా షెడ్లలో, దయచేసి ఆ పని చేయకండి. అది క్లచ్ ప్లేట్ అరిగిన పొడి. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్, అంటే రాతినార, వాడేవారు, ఏ ప్లేట్‌లో ఉందో ఏ ప్లేట్‌లో లేదో చూసి చెప్పలేం. ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు, జబ్బు 20, 30 ఏళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి మనకు ఏ బండి దగ్గర పీల్చామో కూడా గుర్తుండదు. తడి గుడ్డతో తుడవండి, ముక్కుకు మంచి మాస్క్ కట్టుకోండి, ఆ గుడ్డను కవర్లో వేసి పారేయండి. నాతో పని నేర్చుకున్న వాళ్లలో ఇద్దరు ముగ్గురికి దగ్గు పట్టుకుంది, దేనివల్లో నేను డాక్టర్‌ను కాదు చెప్పడానికి, కానీ నా షెడ్డులో గాలి కొట్టడం ఆపేశాను.

తుడిచాక ఫోన్ తీసి రెండు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. క్లిప్పు ఎటు నుంచి ఎక్కింది, ఫోర్క్ కొన బేరింగ్ చెవి కింద ఉందా పైన ఉందా, అన్నీ ఫోటోలో ఉంటే బిగించేటప్పుడు కొట్లాట ఉండదు. కొన్ని బండ్లలో తీగ క్లిప్పు, కొన్నిట్లో ప్లాస్టిక్ లాకులు, కొన్నిట్లో క్లిప్పే ఉండదు, బేరింగ్‌ను పావు చుట్టు తిప్పితే ఫోర్క్ నుంచి విడిపోతుంది. మారుతి 800 లాంటి వాటిలో ఫోర్క్ ఒక అడ్డ షాఫ్ట్ మీద ఉంటుంది. ఆ బండి 1983లో వచ్చింది, 2014లో తయారీ ఆపేశారు, అయినా మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, మీ దగ్గరికి కచ్చితంగా వస్తాయి. ఇంకొన్నిట్లో ఫోర్క్ ఒక గుండు బోల్టు మీద కూర్చుంటుంది, వెనక స్ప్రింగ్ పట్టి ఆ గుండును పట్టుకుని ఉంటుంది. అటువంటి ఫోర్క్‌ను తీయాలంటే గుండు పక్కనే లీవర్ పెట్టి ఎత్తాలి, కొన దగ్గర పట్టుకుని లాగితే ఫోర్క్ వంగుతుంది, వంగిన ఫోర్క్ కంటికి కనపడదు, కొత్త బేరింగ్ వంకరగా ఒత్తి ఆరు నెలల్లో మళ్లీ చప్పుడు మొదలవుతుంది.

క్లిప్పులన్నీ తీశాక కూడా రాకపోతే, లాగకండి, తిప్పండి. ఇది నాకు ఉస్తాద్ నేర్పిన అసలు పని. ఇరుక్కున్న దేన్నయినా నేరుగా లాగితే అది పక్కకు వాలి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకూ వెంట్రుక మందం కదిలినా చాలు, తిప్పుతూనే ఉండండి. బేరింగ్ రింగు పట్టుకుని తిప్పితే రింగే తిరుగుతుంది, దాని వెనక స్లీవ్‌ను పట్టుకోవాలి, ఇదిగో ఫోర్క్ ఆనే చెవులు ఉన్నాయి చూడండి, ఇక్కడ. కొద్దిగా తిరిగిందంటే సగం పని అయిపోయినట్టే. అసలు తిరగకపోతే తుప్పు నూనె కొట్టండి. మన దగ్గర అందరూ డబ్ల్యూడీ ఫార్టీ అంటారు, అది లేకపోతే డీజిల్ కూడా పనిచేస్తుంది, ఆలస్యంగా. కొట్టి వెంటనే లాగితే ఏం లాభం? నూనె ఆ సన్న సందులోకి పాకడానికి టైం కావాలి. కొట్టండి, చిన్న సుత్తెతో స్లీవ్ చుట్టూ మెల్లగా టక్ టక్ మని తట్టండి, ఆ అదురుకు నూనె లోపలికి పోతుంది, గేర్‌బాక్స్‌ను నిలబెట్టి ట్యూబ్ పైకి ఉండేట్టు పెట్టండి, టీ తాగి రండి, మళ్లీ కొట్టండి. రాత్రంతా వదిలేయగలిగితే ఇంకా మంచిది. ఎందుకు ఇంత పట్టుదల అంటే, ఇనుము తుప్పు పడితే అది తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ట్యూబ్‌కూ స్లీవ్‌కూ మధ్య సందే అంతంత మాత్రం, అందులో తుప్పు ఉబ్బితే మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది.

వేడి గురించి అందరూ అడుగుతారు. పనిచేస్తుంది, కానీ లెక్క తెలుసుకుని చేయాలి. 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు స్లీవ్‌ను 100 డిగ్రీలు వేడెక్కిస్తే అది పెరిగేది 0.036 మిల్లీమీటర్లు, అంతే. ఆ కాస్త కూడా ట్యూబ్ చల్లగా ఉంటేనే దక్కుతుంది, మెల్లగా వేడి చేస్తే లోపల ట్యూబ్ కూడా అంతే పెరిగి బిగువు అట్లనే ఉంటుంది. అందుకని బయటి నుంచి త్వరగా వేడిచేసి, వెంటనే తిప్పాలి. అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. స్లీవ్ అల్యూమినియం, ట్యూబ్ స్టీలు అయితే వేడి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తిరగేసి ట్యూబే అల్యూమినియం, స్లీవ్ స్టీలు అయితే వేడి చేసినకొద్దీ ఇంకా బిగుస్తుంది. అయస్కాంతం పెట్టి చూడండి, అర నిమిషం పని. స్లీవ్ ప్లాస్టిక్ అయితే వేడి మాట మరిచిపోండి. ఇంకా, ట్యూబ్ వెనకే ఇన్‌పుట్ షాఫ్ట్ ఆయిల్ సీల్ ఉంటుంది, అది రబ్బరు, గ్యాస్ మంట పెడితే కాలిపోతుంది, గేర్‌బాక్స్ బిగించాక గేర్ ఆయిల్ కారి కొత్త క్లచ్ ప్లేట్ మీద పడుతుంది. హాట్ ఎయిర్ గన్ వాడండి. తుప్పు నూనె కొట్టిన చోట మంట పెడితే అంటుకుంటుంది. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట అసలు మంట వద్దు, కొన్ని క్లీనర్లు వేడికి విషవాయువు వదులుతాయి.

ఇప్పుడు ఉస్తాద్ రెండో రోజు ఏం చేశాడో చెప్తానన్నాను కదా. పొద్దున్నే వచ్చి ట్యూబ్ మొదట్లో ఉన్న మూడు బోల్టులకు నూనె కొట్టి, పది నిమిషాలాగి, పానా వేసి విప్పాడు. ట్యూబ్, దాని మీద నేను పగలగొట్టిన స్లీవ్, రెండూ కలిసి చేతిలోకి వచ్చేశాయి. నేను చూస్తూ నిలబడ్డాను. అది గేర్‌బాక్స్‌లో భాగం అనుకున్నాను, బోల్టులతో బిగించిన విడి ముక్క అని నాకు తెలియదు. ఆ ముక్కను వైసులో పెట్టి, చెక్క ముక్కలు అడ్డం పెట్టి బిగించి, పుల్లర్ వేసి స్లీవ్‌ను లాగాడు. గేర్‌బాక్స్ మీద ఒక్క దెబ్బ పడలేదు. అన్ని బండ్లలో ట్యూబ్ ఇట్లా విడిగా రాదు, కొన్నిట్లో హౌసింగ్‌తోనే పోత పోసి ఉంటుంది. కానీ బోల్టులు ఉన్నాయా అని చూడకుండా ఎప్పుడూ బలం వాడకండి. తీసేటప్పుడు వెనక షిమ్ములు, అంటే సందు సరిచేసే పలుచని రేకు రింగులు, ఉంటే వాటి వరుస మారకూడదు, బిగించేటప్పుడు కొత్త సీలు, కొత్త ప్యాకింగ్ వేయండి, పాతది బాగానే ఉంది కదా అని వదలకండి.

ట్యూబ్ రాని బండిలో పుల్లర్ నేరుగా వేస్తారు, రెండు కాళ్లు స్లీవ్ వెనక తగిలించి, మధ్య స్క్రూ ఇన్‌పుట్ షాఫ్ట్ కొనకు ఆనించి. చేయొచ్చు, కానీ ఆ బలమంతా షాఫ్ట్ ద్వారా గేర్‌బాక్స్ లోపలి బేరింగ్ మీద పడుతుంది, అందుకని చేత్తో తిప్పగలిగినంతే తిప్పండి, పైపు తగిలించి తిప్పకండి. షాఫ్ట్ కొనకు ఇత్తడి ముక్క అడ్డం పెట్టండి. బిగువు ఇచ్చి, పుల్లర్ అట్లనే ఉంచి, స్లీవ్ చుట్టూ తట్టండి. ఒక్కోసారి మీరు వేరే పనిలో ఉండగా టప్ మని వదిలేస్తుంది.

ఏదీ పనిచేయకపోతే కోయాలి. బేరింగ్ ఎట్లాగూ పారేసేదే కాబట్టి దాని మీద జాలి అక్కర్లేదు, జాలి ట్యూబ్ మీద ఉండాలి. గేర్‌బాక్స్ రంధ్రాలన్నీ గుడ్డతో మూసి, టేపు వేసి, చిన్న కట్టింగ్ బిళ్లతో స్లీవ్‌ను పొడవునా గీయండి. పూర్తిగా కోయకండి, ట్యూబ్‌కు తగలకముందే ఆపాలి, కాగితం మందం మిగిలినా ఫరవాలేదు. ఆ గీతలో ఉలి పెట్టి ఒక దెబ్బ వేస్తే స్లీవ్ నోరు తెరుస్తుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేసేవాడిని నా షెడ్డులో ఉండనివ్వను. బేరింగ్ స్టీలు గట్టిది, సుత్తె దెబ్బకు పెళుసుగా పగిలి సూదిలా ఎగురుతుంది, కంటికి తగిలితే ఇంక ఏం చేసినా లాభం ఉండదు. అయ్యాక అయస్కాంతంతో పొడి అంతా ఎత్తేయండి.

కొత్త బండ్ల గురించి ఒక మాట. చాలావాటిలో ఇప్పుడు ఫోర్క్ ఉండదు, బేరింగ్, స్లేవ్ సిలిండర్ రెండూ ఒకే ముక్క, షాఫ్ట్ చుట్టూ కూర్చుంటుంది, ఆయిల్ వచ్చి బేరింగ్‌ను నేరుగా తోస్తుంది. అది రాకపోతే తిప్పడం, లాగడం ఏమీ చేయకండి, దాని బోల్టులు, లైన్ క్లిప్పు వెతకండి, ముక్క మొత్తం వస్తుంది. కొత్తదాన్ని చేత్తో ఊరికే నొక్కి నొక్కి చూడకండి, లోపలి సీలు దెబ్బతింటుంది. అందులోకి మూత మీద రాసిన బ్రేక్ ఆయిలే పోయాలి, మామూలు ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి పోతాయి. పెద్ద లారీల్లో ఇంకో రకం ఉంది, లాగే రకం క్లచ్. అందులో బేరింగ్ డయాఫ్రమ్‌కే రింగుతో లాక్ అయి ఉంటుంది, ఆ లాక్ విడిపించకుండా గేర్‌బాక్స్‌నే వెనక్కి లాగలేరు. గేర్‌బాక్స్ రావట్లేదని జాకీతో గుంజేవాళ్లను చూశాను, పాపం బోల్టు ఏదో మిగిలిందనుకుంటారు.

అన్నట్టు, దించేటప్పుడు, ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకండి. చిన్న కారుదే ముప్పై నలభై కిలోలు ఉంటుంది, క్లచ్ ప్లేట్ హబ్బు వంగుతుంది. కింద జాకీ ఉండాలి, బండి స్టాండ్ల మీద ఉండాలి, జాకీ మీద వదిలేసిన బండి కిందికి ఎప్పుడూ పోకండి.

బేరింగ్ వచ్చింది. అందరూ ఇక్కడ ఊపిరి పీల్చుకుని కొత్తది ఎక్కించేస్తారు. నేను మిమ్మల్ని ఇక్కడే కాసేపు ఆపుతాను, ఎందుకంటే అది ఎందుకు ఇరుక్కుందో చెప్పేది ట్యూబే. గుడ్డతో తుడిచి, గోరు పెట్టి ట్యూబ్ మీద ఇట్లా, పొడవునా గీయండి. గోరు ఎక్కడా ఆగకపోతే మంచిది. ఈ ట్యూబ్ చూడండి, తమ్ముడూ నువ్వు గీయి, ఇక్కడ ఆగింది కదా? బేరింగ్ రోజూ ఆగే చోట మెట్టు పడింది. దీని మీద ఎంత ఖరీదైన బేరింగ్ వేసినా ఆ మెట్టు దగ్గర ఆగి, వంకరపోయి, మళ్లీ పట్టేస్తుంది. కస్టమర్ వచ్చి నువ్వు డూప్లికేట్ వేశావు అంటాడు. కొత్త ట్యూబ్ వేయండి, దొరక్కపోతే చూపించి చెప్పండి. మెట్టు లేకుండా తుప్పు మరకలే ఉంటే 400 నంబరు ఎమ్రీ కాగితంతో, కొద్దిగా నూనె వేసి, చుట్టూ రుద్దండి. కొత్త బేరింగ్‌ను గ్రీజు లేకుండా ఒకసారి ట్యూబ్ మీద వేసి చూడండి, దాని బరువుకే అది కిందికి జారాలి.

గ్రీజు సన్నగా. వేలితో రాసి, గుడ్డతో తుడిచేస్తే మిగిలేంత, అంతే. ట్యూబ్ మీద, ఫోర్క్ కొనల మీద, గుండు మీద. షాఫ్ట్ పళ్ల మీద ఇంకా తక్కువ. ఎక్కువ రాస్తే ఏమవుతుందంటే, క్లచ్ పొడి దానికి అతుక్కుని రెండేళ్లలో సున్నం ముద్దలా గట్టిపడుతుంది, అదే తర్వాతి మెకానిక్‌కు ఇరుక్కున్న బేరింగ్. కొన్ని ప్లాస్టిక్ స్లీవ్‌లకు గ్రీజే వద్దని రాసి ఉంటుంది, డబ్బా మీద చదవండి. ఫోర్క్ బయటికి వచ్చే చోట రబ్బరు బూటు చినిగి ఉంటే మార్చండి, మన ఎర్రమట్టి దుమ్ము, వాన నీళ్లు లోపలికి పోయేది అక్కణ్ణుంచే. దాని ధర చాలా తక్కువ, అయినా నూటికి తొంభై బండ్లలో మార్చరు, నాకు అది చూస్తే బాధగా ఉంటుంది.

ఆ తమ్ముడు చేయి ఎత్తాడు, అడుగు. బేరింగ్ ఒక్కటే మారిస్తే చాలా, సెట్ మొత్తం మార్చాలా అంటున్నాడు. మంచి ప్రశ్న. బేరింగ్ ధర తక్కువ, గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలే ఎక్కువ. ప్లేట్ సగం పైన అరిగి ఉంటే సెట్ మార్చమనే చెప్తాను, నాలుగు నెలలకు మళ్లీ దించడం ఆ ఇంటికి భారం. ప్లేట్ నిజంగా కొత్తగా ఉంటే మాత్రం బేరింగే వేయండి, అనవసరంగా మార్పించకండి. నిర్ణయం కస్టమర్‌ది, పాత సామాను ఆయన చేతిలో పెట్టి చూపించే బాధ్యత మనది.

చెల్లెమ్మ ఏదో అడుగుతోంది. పాత బేరింగ్ చేతిలో తిప్పితే బాగానే తిరుగుతోంది, ఇది మంచిదేనా అని. లేదమ్మా, అక్కడే అందరూ మోసపోతారు. ఇదిగో పాతది, తిప్పు, సర్రున తిరుగుతుంది, ఆగకుండా. ఇది కొత్తది, తిప్పు, కొద్దిగా బరువుగా, మెత్తగా తిరిగి ఆగిపోతుంది. ఆ బరువు లోపలి గ్రీజుది. పాతదాంట్లో గ్రీజు ఎండిపోయింది. అందుకే కొత్త బేరింగ్‌ను పెట్రోల్‌లోనో డీజిల్‌లోనో కడగొద్దు, సీలు దాటి లోపలికి పోయి గ్రీజును కరిగించేస్తుంది. ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుని రెండూ తిప్పి విను, పాతదాంట్లో ఇసుక పడ్డట్టు వినిపిస్తుంది.

సరే, ఇంక మాటలు చాలు. ఈ బెంచీ మీద గేర్‌బాక్స్‌లో బేరింగ్ నిజంగానే ఇరుక్కుని ఉంది, మూడు రోజుల కిందట నా షెడ్డుకు వచ్చిందే, దీన్ని మీకోసమే తీయకుండా ఉంచాను. నిన్న రాత్రి నూనె కొట్టాను. ఇద్దరిద్దరు రండి, ఎవరూ సుత్తె పట్టుకోవద్దు, ముందు లైటు తీసుకుని క్లిప్పులు ఎన్ని ఉన్నాయో నాకు లెక్క చెప్పండి.